ఇమ్యూనిటీ పవరు ఎన్ని వోల్టులండీ?

శనివారం పొద్దున్నే మా అక్కా బావగారూ దిగారు. అక్క చేతిలో బట్టల సంచి, బావగారి చేతుల్లో రెండు ఫ్లాస్కులు. ఒకదాంట్లో కషాయం. రెండోదాంట్లోనూ కషాయమే, సాయంత్రానికి. కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్న నన్ను చూసి ఆయన జాలిగా తల ఊపారు. "కళ్ల కింద ఆ నలుపేమిటోయ్? నీకు ఇమ్యూనిటీ పవరు బాగా డౌనైపోయింది."

ఈ మాట పుట్టించిన మహానుభావుడెవరో గానీ, ఆయనకి కరెంటాఫీసుతో చుట్టరికం ఉండే ఉంటుంది. ఒంట్లో ఎక్కడో ట్రాన్స్‌ఫార్మరు ఉంటుందట, చెంచాడు పొడి వేడినీళ్లలో కలిపితే అందులో వోల్టేజీ పెరుగుతుందట. సూపర్‌ మార్కెట్‌కి వెళ్తే టీపొడిలో పవరు, బిస్కట్లో పవరు, పసుపు ఐస్‌క్రీములో సైతం పవరు. జలుబు చేస్తుందని చేతిలోంచి ఐస్‌ లాక్కున్న అమ్మలే ఇప్పుడు ఇమ్యూనిటీకని ఐస్‌క్రీము కొనిపెడుతున్నారు.

బావగారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఏదైనా పెరగడమే ఆయనకి ఆనందం. ఫైల్లోంచి తన సీబీపీ రిపోర్టు తీసి చూపించారు. తెల్లకణాలు 7,200. మైక్రోలీటరు రక్తంలో 4,000 నుంచి 11,000 దాకా ఉంటే మామూలే.

"ఎంతకి పెంచుదామని?" అన్నాను.

"ఎంత పెరిగితే అంత మంచిదేగా!"

11,000 దాటితే డాక్టరు ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఎక్కడుందా అని వెతుకుతాడు. లక్ష దాటితే క్యాన్సరు డాక్టరు పేరు చీటీ మీద రాసిస్తాడు. ఫిక్స్‌డ్ డిపాజిట్ లెక్క ఇక్కడ నడవదు.

అసలు తెల్లకణాలన్నీ ఒక కులం కావు. పుండు పడితే ముందు పరుగెత్తుకొచ్చేవి న్యూట్రోఫిల్స్. కొట్లాడి అక్కడే చస్తాయి, చీములో ఎక్కువ భాగం వాటి శవాలే. సూక్ష్మక్రిముల్ని మింగే మాక్రోఫేజ్‌లు వేరు, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు వేరు, టి కణాలు వేరు. బావగారి కషాయం పొడి వీటిలో దేన్ని పెంచుతుందో డబ్బా మీద ఎంత వెతికినా కనబడలేదు. ఎమ్మార్పీ మాత్రం పెద్దక్షరాల్లో ఉంది.

ఈ టి కణాల సంగతి చూడండి. రొమ్ము ఎముక వెనకాల థైమస్ అనే చిన్న గ్రంథి ఉంది. అక్కడ వాటికి జరిగే వడపోత ముందు మన గ్రూప్‌ వన్ ఎంత! నూటికి తొంభైకి పైగా అక్కడే రాలిపోతాయి. చేతకానివి పోవడం సరే, అతి ఆవేశం ఉన్నవీ పోతాయి. సొంత ఒంటినే పగవాడనుకుని మీదపడే కణాన్ని అక్కడే చంపేస్తారు. ఒళ్లు ఇంత తంటాలు పడి దుడుకువాళ్లని ఏరిపారేస్తుంటే, మనం బయట నిలబడి బూస్టరు పోస్తామంటున్నాం.

ఆ వడపోతని దాటుకుని వచ్చేవీ కొన్ని ఉంటాయి. అలాంటి దుడుకుతనం ఏం చేస్తుందో మా అక్క వేళ్లు చూస్తే తెలుస్తుంది. పొద్దున లేచాక గంటసేపు వేళ్లు ముడుచుకోవు. స్టీలు గ్లాసుని రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని, హారతి తీసుకున్నట్టు ఎత్తి తాగుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఆవిడ రోగనిరోధక వ్యవస్థకి బలం చాలక కాదు, అది ఆవిడ కీళ్ల మీదే యుద్ధానికి దిగినందువల్ల. వారానికి ఒక్కరోజు, ఆదివారం, మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకుంటుంది. ఆ యుద్ధాన్ని చల్లార్చే మందు అది. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో దాన్ని తయారుచేసిన బృందానికి పెద్ద, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగువాడి చలవతో దొరికిన మందు మింగి, దాని మీద తెలుగువాడు ఇచ్చిన పవరు పొడి పోస్తున్నాం. ఒకే కారుకి బ్రేకూ యాక్సిలరేటరూ కలిపి తొక్కడమంటే ఇదే.

"ఈ పొడి మండలం రోజులు వాడితే ఆ మాత్ర మానెయ్యొచ్చుట్రా" అంది అక్క. నాకు నిజంగా భయం వేసింది.

"కరోనాలో కాపాడిందేమిటి మరి? పవరేగా!" అన్నారు బావగారు. 2020 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్‌వాళ్ల రికవరీ పరిశోధన తేల్చిందేమిటంటే, వెంటిలేటరు మీదున్నవాళ్లలో మరణాల్ని మూడోవంతు దాకా తగ్గించింది డెక్సామెథసోన్. అంటే పేట్రేగిన ఇమ్యూనిటీని అణిచే చవక స్టెరాయిడ్. మరుసటేడు దాన్నే అడ్డగోలుగా వాడినచోట్ల బ్లాక్ ఫంగస్ తోడైంది. ఎక్కువైనా చావే, తక్కువైనా చావే. బావగారు తిప్పతీగ మాటా ఎత్తారు. 2021లో ముంబై వైద్యులు ఆరుగురి కేసులు ప్రచురించారు. తిప్పతీగ వాడిన వాళ్ల కాలేయం దెబ్బతింది, ఆ దెబ్బ ఒంటి రక్షణ దళం సొంత కాలేయం మీదపడే జబ్బులా కనిపించిందని వాళ్ల మాట. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. నేను అక్క వేళ్లు చూసినవాణ్ని, ముంబై డాక్టర్ల పక్కనే నిలబడతాను.

ఒంటికి ఫలానా శత్రువుని ఫోటో చూపించి గుర్తుపెట్టుకోమనే పద్ధతి ఒకటుంది. దాని పేరు టీకా. ఆ మాటెత్తితే, "సైడెఫెక్ట్స్ ఉంటాయోయ్" అని బావగారు గొంతు తగ్గించారు. ఏ దినుసులున్నాయో రాయని పొడి మాత్రం మూడు పూటలా.

మధ్యాహ్నం అటక మీది పాత పుస్తకాల పెట్టె దించాను. దుమ్ము లేచింది. బావగారు తుమ్మడం మొదలెట్టారు. ఒకటి, రెండు, పదకొండు. ముక్కు ఎర్రబడింది, కళ్లు ధారలు కట్టాయి. దుమ్ము పాపం ఏమీ చెయ్యలేదు. చేసిందంతా ఆయనగారి ఇమ్యూనిటీ పవరే, ఫుల్ వోల్టేజీలో.

"సె... సె... సెట్రిజిన్ ఉందా ఇంట్లో?"

ఇచ్చాను. ఫ్లాస్కు మూత తీసి, కషాయం వొంపుకుని, దాంతోనే మాత్ర మింగారు.