లేని ఇంటిని అద్దెకిచ్చే నీకు

నీ అసలు పేరు నాకు తెలియదు. ఒకచోట లండన్‌లో పనిచేసే ఇంజనీరువి. ఇంకోచోట కూతురి చదువు కోసం మ్యూనిక్‌లో ఫ్లాటు కొన్న తండ్రివి. మరోచోట భర్త పోయాక స్పెయిన్ వెళ్ళి స్థిరపడ్డ పెద్దావిడవి. పేర్లు మారినా ఉత్తరం మాత్రం ఒక్కటే. నేను ఊళ్ళో లేను, ఇల్లు చూపించలేను, అడ్వాన్సూ మొదటి నెల అద్దే పంపితే తాళాలు కొరియర్‌లో పంపిస్తాను, నచ్చకపోతే డబ్బు వాపసు. ఇన్నాళ్ళూ నువ్వు రాశావు, మావాళ్ళు చదివారు. ఇప్పుడు నేను అందరి ముందూ రాస్తున్నాను, నువ్వు చదువు.

నీకు ఎలాంటి మనుషులు కావాలో నాకు బాగా తెలుసు. ఇక్కడ జర్మనీలో అక్టోబరులో చలికాలపు సెమిస్టరు మొదలవుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో హైదరాబాదులోనో విజయవాడలోనో వీసా కోసం ఎదురుచూస్తూ, రాత్రుళ్ళు మేలుకుని గదుల ప్రకటనలన్నిటికీ మెసేజీలు పెట్టే పిల్లలు కావాలి నీకు. మ్యూనిక్‌లో ఒక గదికే ఎనిమిది వందల యూరోల దాకా పెట్టక తప్పడం లేదు. అంత పెడతామన్నా నిజమైన యజమానులు మూడు నెలల జీతం చీటీలు అడుగుతారు. షూఫా అనే సంస్థ ఇచ్చే అప్పుల చరిత్ర కాయితం అడుగుతారు. వచ్చి ఇల్లు చూసుకోమంటారు. ఇంకా ఈ దేశంలో అడుగే పెట్టని అమ్మాయి ఇవన్నీ ఎక్కణ్ణుంచి తెస్తుంది? చాలామంది జవాబే ఇవ్వరు. ఆ సమయంలో జవాబిచ్చేది నువ్వు ఒక్కడివే. మర్యాదగా, తీరిగ్గా, ఆమె పరిశోధన దేని మీదో కూడా అడుగుతూ రాస్తావు. యూనివర్సిటీకి దగ్గరగా, ష్వాబింగ్‌లో, హీటింగ్‌తో కలిపి 540 యూరోలకే ఒంటిగది ఫ్లాటు అంటావు.

మా ల్యాబుకి కొత్తగా వచ్చిన ఖమ్మం అమ్మాయికి నువ్వు రాసింది ఇదే. రెండు నెలల అడ్వాన్సు, ఒక నెల అద్దె కలిపి 1,620 యూరోలు. ఆమె అన్నయ్య బ్యాంకుకెళ్ళి, విదేశాలకు డబ్బు పంపే ఏ2 ఫారం నింపి, తన జీతంలో కూడబెట్టిన డబ్బు పంపాడు. మన రూపాయల్లో లక్షన్నరకు అటూ ఇటూ. ఆ లెక్క తర్వాత చూద్దాం. ముందు అడ్రసు సంగతి చెప్పాలి, ఎందుకంటే నువ్వు చేసిన పెద్ద చెరుపు అక్కడుంది.

జర్మనీలో కొత్త మనిషి బతుకంతా అడ్రసు మీదే నిలబడుతుంది. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా పట్టణ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. అన్మెల్డుంగ్ అంటారు. 2015 నవంబరు 1 నుంచి దానికి ఇంటి యజమాని సంతకం పెట్టిన ధ్రువీకరణ కూడా తప్పనిసరి. ఆ నమోదు జరిగాకే పదకొండు అంకెల పన్ను నంబరు పోస్టులో వస్తుంది. పీహెచ్‌డీ విద్యార్థి అని మనం అంటాం గానీ, ఇక్కడ చాలామందిది ఉద్యోగ ఒప్పందం. టీవీ-ఎల్ ఇ13 అనే ప్రభుత్వ వేతన శ్రేణిలో సగమో, మూడొంతులో చేతికొస్తుంది. ఆ పన్ను నంబరు ఆలస్యమైతే, కోత అన్నిటికంటే ఎక్కువగా ఉండే ఆరో పన్ను తరగతి కింద జీతం పడే ప్రమాదం ఉంది. వీసా గడువు తీరేలోగా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడా మొదట అడిగేది నమోదు కాయితమే. ఇన్ని తలుపులకూ ఉన్న ఒక్క తాళంచెవీ ఆ అడ్రసే.

ఆ ఖమ్మం అమ్మాయిని ఒక ఆదివారం నాడు స్టేషన్ నుంచి నువ్విచ్చిన అడ్రసుకు తీసుకెళ్ళింది నేనే. నువ్విచ్చిన వీధి ఉంది. నంబరూ ఉంది. నాలుగంతస్తుల పాత ఇల్లు, ముందు సైకిళ్ళు. ఇక్కడ ఫ్లాటు నంబర్లు ఉండవు, ద్వారం పక్కన బెల్లుల మీద ఇంటిపేర్లే ఉంటాయి. ఉత్తరాలు కూడా పెట్టె మీద పేరు చూసే వేస్తారు. రెండు పెద్ద పెట్టెలు పక్కన పెట్టుకుని ఆ అమ్మాయి ఇత్తడి పలక మీద పేర్లన్నీ వేలితో తడుముకుంటూ కిందికి దిగింది. మళ్ళీ పైనుంచి మొదలుపెట్టింది. "అక్కా, వాళ్ళ పేరు లేదే," అంది. కింది అంతస్తులో ఉండే పెద్దావిడ తలుపు తీసి మా పెట్టెల వైపు చూసింది. మేము ఏమీ చెప్పకముందే ఆమెకు అర్థమైపోయింది. ఇలా పెట్టెలతో వచ్చినవాళ్ళలో మేం మొదటివాళ్ళం కాదట. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నువ్వు అద్దెకిచ్చిన ఇంట్లో నిజంగా ఉంటున్న మనిషి ఆమె. నీ పాపానికి ప్రతిసారీ ఆమె ఎందుకు సంజాయిషీ చెప్పుకోవాలి?

ఆ తర్వాత ఆ అమ్మాయి ఎవరెవరి గదుల్లోనో కొన్నాళ్ళు, తాత్కాలిక గదుల్లో కొన్నాళ్ళు గడిపింది. అలాంటి గదులిచ్చేవాళ్ళు ఉండనిస్తారు గానీ పేరు నమోదుకు సంతకం పెట్టరు. డబ్బిస్తే ఉత్తుత్తి అడ్రసు ఇస్తామన్నవాళ్ళు కూడా తగిలారు. అలా అడ్రసు ఇచ్చినందుకు యాభై వేల యూరోల దాకా జరిమానా ఉంది. ఆమె వద్దంది. ఆ నీతికి ఆమె వారాల తరబడి మూల్యం చెల్లించింది. కొత్త పరికరాలు నేర్చుకోవాల్సిన నెలంతా ఒక కన్ను ఫోను మీద పెట్టి గదులు వెతుక్కుంది. గైడు "ఇల్లు కుదిరిందా?" అని అడిగితే కుదిరిందని చెప్పింది. ఇంట్లో అమ్మ వీడియోకాల్లో గది చూపించమంటే నెట్ సరిగ్గా లేదంది.

నిన్ను ఇన్నేళ్ళుగా కాపాడుతున్నది ఆ సిగ్గే. "పీహెచ్‌డీ చేసేవాళ్ళు, ఆమాత్రం తెలియదా?" అనే మాటకు భయపడి పిల్లలు నోరు విప్పరు. ఆ మాట అనేవాళ్ళకు కూడా ఇక్కడే చెబుతున్నాను. తెలివికీ దీనికీ సంబంధం లేదు. వేల కిలోమీటర్ల దూరం నుంచి కళ్ళతో చూడకుండా ఇల్లు కుదుర్చుకోక తప్పని పరిస్థితిని పెట్టింది ఆ పిల్లలు కాదు. ఆ పరిస్థితిని కనిపెట్టి దాని మీద బతుకుతున్నది నువ్వు. తప్పు నీది, మొత్తం నీదే.

ఇంకొక సంగతి. నమ్మకం కుదరడానికి నువ్వు నీదంటూ ఒక పాస్‌పోర్టు ఫొటో పంపావు. బదులుగా ఆమె పాస్‌పోర్టు, అడ్మిషన్ లెటరు అడిగి తీసుకున్నావు. నువ్వు పంపిన పాస్‌పోర్టులోని మనిషి కూడా ఒకనాడు నీకు నమ్మి పంపినవాడే అయ్యుంటాడు. రేపు ఈ ఖమ్మం అమ్మాయి ముఖాన్ని చూపించి ఇంకెవరినో ముంచుతావు. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకుంటుంది. తన పేరు మీద ఇంకొకరు మోసపోతారేమోనన్న దిగులును ఆమె ఎన్నాళ్ళు మోయాలి? నీకు ఉసురు తగలాలని నేను శపించను. నువ్వు దొరకాలని కోరుకుంటున్నాను. నీ ఉత్తరాలు, నువ్విచ్చిన ఖాతా నంబరు, ఆ పాస్‌పోర్టు ఫొటో అన్నీ కలిపి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. ఆ కాయితం నకలు అన్నయ్య బ్యాంకుకూ చేరింది.

ఇక ఆ డబ్బు లెక్క. తాళాలకు ముందే మొత్తం పంపమన్న నీ మాట ఈ దేశపు చట్టం ముందు నిలవదు. జర్మన్ సివిల్ కోడ్ 551వ సెక్షన్ ప్రకారం ఇంటి అడ్వాన్సు, ఇతర ఖర్చులు కలపని నెల అద్దెకు మూడు రెట్లు మించకూడదు. దాన్ని మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు అద్దెకుండేవాళ్ళకు ఉంది. మొదటి వాయిదా కూడా అద్దె కాలం మొదలయ్యేటప్పుడే కట్టాలి, తాళం చెవి ముఖం చూడకముందు కాదు. మొత్తం ముందే పంపమన్నవాడికి ఏ పేరున్నా, అది నీ పేరే అని ఈ లేఖ చదివేవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. ఐబాన్ అనే బ్యాంకు ఖాతా నంబరులో మొదటి రెండక్షరాలు దేశాన్ని చెబుతాయి. మ్యూనిక్ ఇంటికి వేరే దేశపు ఖాతా ఇస్తే అక్కడే ఆగుతారు.

నీతో చెప్పాల్సింది అయిపోయింది. మిగిలింది నావాళ్ళతో.

విదేశాల నుంచి పరిశోధకులను పిలిచే విభాగాలకు నా విన్నపం: నియామక పత్రంతో పాటు మొదటి రెండు నెలలకు పేరు నమోదు చేసుకోగలిగే గది ఒకటి చూపించండి. అతిథి గృహాల్లో ఖాళీ లేదన్న ఒక్క వాక్యంతో వదిలెయ్యకండి. మీరు వదిలేసిన చోటనే వీడు కాపు కాస్తున్నాడు.

వచ్చే ఏడాది రాబోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ: ఏ ఊరు వెళ్తున్నా, డబ్బు పంపేముందు ఆ ఊళ్ళో ఉన్న తెలుగు విద్యార్థులను ఎవరినైనా అడగండి, మొహమాటపడకండి. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఈ రోజే బ్యాంకుకూ పోలీసులకూ చెప్పండి, ఆ తర్వాత ఇంట్లో చెప్పండి. ఇక ఇక్కడ ముందే స్థిరపడ్డవాళ్ళం మనం. ఎవరైనా ఒక అడ్రసు పంపి "అక్కా, ఒక్కసారి చూసి రాగలరా?" అంటే, యూ-బాన్ మెట్రో రైలు ఎక్కి వెళ్ళి, బెల్లు మీద పేరు ఉందో లేదో చూసి చెబుదాం.