బెల్లం కాపలాకు ఏడు పిల్లులు

వేములవాడలో పిల్లికి పేరు పెట్టడం అంత తేలిక కాదు. రాజన్న ఊరు కదా, వాడకు పది మంది రాజయ్యలు, రాజేశాలు, రాజవ్వలు, రాజేశ్వరులు. ‘రాజీ’ అని పిల్లిని ఒక్కసారి పిలిచి చూడండి. ముగ్గురు ఆడవాళ్లు కిటికీల్లోంచి తొంగిచూస్తారు, అందులో ఒకామె చీపురుతో. అందుకని మా పిల్లులకు వాటి వాటి హోదాలే పేర్లయి కూచున్నాయి.

నాది గుడి బాటలో కొబ్బరికాయలు, బెల్లం, ఊదుబత్తీలు అమ్మే దుకాణం. ఇంటి వెనక బర్రెల కొట్టం, దాన్ని ఆనుకుని సరుకు దాచే రేకుల అర్ర. సోమవారం రద్దీ కోసం ఆదివారం రాత్రికే అర్ర నిండాలి. శివరాత్రి సంగతి చెప్పక్కర్లేదు. మేడారం జాతర ఏడు వచ్చిందంటే, సమ్మక్క దగ్గరికి పోయేవాళ్లు ముందుగా రాజన్నను చూసి పోతారు కనక బెల్లం దిమ్మలు రేకులను తాకుతాయి. ఈ క్యాలెండరు నాకెంత తెలుసో ఎలుకలకూ అంతే తెలుసు.

ఎలుక కొరికిన దిమ్మ దేవుడికి పనికిరాదు, మనిషికీ పనికిరాదు. అలాంటిది నేనెన్నడూ అమ్మలేదు. (ఈ మాట మా ఆవిడ ముందు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.) మందు పెడదామంటే పక్కనే బర్రెలు. జిగురు అట్ట పెడితే మొదటి రాత్రి నా చెప్పు దొరికింది, రెండో రాత్రి రెండో చెప్పు. ఇక మిగిలింది పిల్లే.

పిల్లిని పెట్టుకున్నాక తెలిసిన ముచ్చట ఒకటుంది. పిల్లికి తీపి తెలియదు. తీపిని పట్టే జన్యువు దాని జాతికే చెడిపోయి ఉందని 2005లో అమెరికాలో, ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం పరిశోధకులు తేల్చారు. బెల్లం అర్రకు ఇంతకన్నా నమ్మకస్థుడైన కాపలాదారు దొరుకుతాడా? నా దగ్గర పనిచేసిన ఏ పిల్లగాడి గురించీ ఈ హామీ ఇవ్వలేను. నా గురించి కూడా.

అలా ఒకటిగా వచ్చింది ఏడయింది. అందరికంటే పెద్దది ‘పింఛను’. వయసు పన్నెండు దాటింది, పళ్లు నాలుగో అయిదో మిగిలాయి. ఎలుక ఎదురొస్తే పక్కకు జరిగి దారిస్తుంది. దాని బిడ్డ ‘బాలింత’. ఆ బాలింత కిందటి ఈత కూన, ఎనిమిది నెలలది, ఎప్పుడూ ఆకలి, చెబితే వినదు, రాత్రి ఎక్కడ తిరుగుతుందో తెలియదు. దాని పేరు ‘ఇంటర్’. ఇప్పటి ఈత కూనలు మూడు, కలిపి ‘అంగన్‌వాడీ’. ఇక ఎర్రటి గండుపిల్లి ఒకటి, ఎడమ చెవి చిరిగింది. వారాల తరబడి కనిపించదు, ఒకరోజు హఠాత్తుగా వచ్చి కొట్టం గోడమీద కూచుంటుంది. ఇంటికో మనిషి గల్ఫ్‌లో ఉన్న ప్రాంతం మాది, దానికి ‘దుబాయి’ అనే పేరు ఎవరూ పెట్టలేదు, అదే వచ్చింది.

మా అవ్వ లెక్కలో పిల్లికి మేత అనే ఖర్చే లేదు. ‘‘ఇంత బువ్వల ఇన్ని పాలు పోస్తె తింటది, తినకుంటె ఎలుకను వడ్తది. మేతెందుకురా దానికి, అదేమన్న బర్రెనా?’’ అంటుంది. నేనూ చాలా ఏళ్లు ఆ సిద్ధాంతంలోనే ఉన్నాను. బాలింత ఈనిన కొన్ని వారాలకు దాని డొక్కలు లోపలికి పోయి, కూనలు ఎండిన రొమ్ములను పీకుతుంటే పశువుల దవాఖానకు తీసుకుపోయాను. అప్పటిదాకా ఆ దవాఖానకు బర్రెతోనే పోయినవాణ్ని. బుట్టతో పోతే కోడిపిల్లలా అని అడిగారు.

డాక్టరు సారు అడిగారు, ‘‘ఏం పెడుతున్నరు?’’

‘‘పాలు బువ్వ, సారూ.’’

‘‘మీరు తింటున్నరా, పిల్లి తింటుందా?’’

ఆయన చెప్పిన సంగతి నాకు కొత్త. పిల్లి పుట్టుకతోనే మాంసం మీద బతికే ప్రాణి. టారిన్ అనే పదార్థం దానికి తిండి నుంచే రావాలి. కుక్క తన ఒంట్లోనే దాన్ని చేసుకోగలదు, పిల్లి చేసుకునేది చాలదు. అది కొరవడితే చూపు పోతుంది, గుండె కండరం సాగిపోతుంది. ప్యాకెట్ మేత తింటున్న పిల్లులకు గుండె జబ్బు ఎందుకొస్తోందో 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పశువైద్యులు పట్టుకున్నాక, కంపెనీలు మేతలో టారిన్ పెంచాయి. కుక్క మేత చవక కదా అని పిల్లికి పెట్టకూడదనేది కూడా ఇందుకే. పాలు ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి అరగవు. బువ్వ కడుపు నింపుతుంది, అంతే. ఇంట్లో మిగిలిన కూర వేద్దామంటే అందులో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఉంటాయి, అవి పిల్లి నెత్తురును పాడుచేస్తాయి.

‘‘డ్రై ఫుడ్ పెట్టుర్రి’’ అన్నారు సారు. ఇంటికొచ్చి అవ్వతో ‘‘ఎండు మేత పెట్టాల్నట’’ అన్నాను. అవ్వ లేచి కొట్టంలో వరిగడ్డి వాము వైపు చూసింది.

ముప్పై చిల్లర కిలోమీటర్లు బస్సులో పోయి కరీంనగర్‌లో ఒక దుకాణం ముందు నిలబడ్డాను. పొద్దంతా కొబ్బరికాయకు బేరమాడే జనంతో నెగ్గుకొచ్చే నాకు, ఆ రోజు కౌంటరుకు అవతలి పక్క నిలబడడం ఎంత కష్టమో తెలిసింది. రెండు నుంచి పన్నెండు నెలల వాటికి ఒక ప్యాకెట్టు. ఏడాది దాటినవాటికి ఒకటి. ఏడేళ్లు దాటినవాటికి ఒకటి. అంతా నాకు తెలిసిన పద్ధతే అనిపించింది. మన సర్కారు చేసేదీ ఇదే కదా: పసిపిల్లలకు బాలామృతం, గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్యలక్ష్మి భోజనం, ముసలివాళ్లకు ఆసరా. వయసును బట్టి పథకం. నేనూ అలాగే మూడు పథకాలు కొన్నాను.

ప్యాకెట్టు వెనక చదవడం బస్సులో మొదలుపెట్టాను. సరుకుల పేర్లు బరువు వరసలో రాస్తారు, ముందున్నది ఎక్కువన్నమాట. చవకరకం ప్యాకెట్టు మీద ముందున్నది మొక్కజొన్న. మా మక్కలు! 2024-25లో మక్కలకు మద్దతు ధర క్వింటాలుకు 2,225 రూపాయలు, అంటే కిలో 22 రూపాయల పావలా. అవే మక్కలు ఇంత కోడి పొడితో, చేప వాసనతో కలిసి, చేప ఆకారంలో తయారై కిలో మూడు వందలకు నా ఒళ్లో కూచున్నాయి. దాని పక్క ప్యాకెట్టులో కోడిమాంసం ముందుంది, ధర ఇంకా ముందుంది. పిల్లుల మేత చేసే మార్స్ కంపెనీ ఫ్యాక్టరీ మా పక్క సిద్దిపేట జిల్లాలోనే ఉందని, 2022లో దానికి మరో 500 కోట్లు పెడతామని ప్రకటించిందని పేపర్లో చదివినప్పుడు, పిల్లి మేతకు అన్ని కోట్లెందుకని నవ్వాను. ఆ నవ్వు ఆ బస్సులో అయిపోయింది.

రాత్రి దుకాణం లెక్కల పుస్తకం వెనక పేజీలో రాశాను. నాలుగు కిలోల పిల్లికి రోజుకు అరవై గ్రాములు చాలు. పింఛనుకు యాభై. దుబాయి ఉన్నప్పుడు అరవై. ఇంటర్‌కు డెబ్బై. బాలింత పాలిచ్చినన్నాళ్లు మామూలు తిండికి రెండింతలు మూడింతలు తింటుందట, నూట యాభై. అంగన్‌వాడీకి తలా నలభై అయిదు. మొత్తం 465 గ్రాములు. నెలకు దాదాపు పద్నాలుగు కిలోలు, నాలుగు వేల రెండు వందలు. మా అవ్వకు వచ్చే ఆసరా 2,016. రెండు నెలల పింఛను పెట్టినా పిల్లుల నెల మేత రాదు. ఈ పేజీ అవ్వకు చూపించలేదు. మా ఆవిడ తనంతట తనే చూసింది.

‘‘ఎలుకలు తినే బెల్లమే అగ్గువ గదా’’ అంది.

జవాబుగా ఒక విదేశీ చరిత్ర వినిపించాను. 1868లో లండన్ పోస్టాఫీసు మనియార్డర్ విభాగంలో ఎలుకల బాధ పడలేక మూడు పిల్లులను కొలువులో పెట్టుకున్నారు. మూడింటికీ కలిపి వారానికి ఒక షిల్లింగు మంజూరు చేసి, మిగతా తిండి ఎలుకల మీద సంపాదించుకోవాలని, ఆరు నెలల్లో ఎలుకలు తగ్గకపోతే భత్యం ఇంకా కోస్తామని పై అధికారి రాశాడు. ‘‘మరి గట్ల రాయరాదు నువ్వు సుత?’’ అంది ఆవిడ. చరిత్ర చెప్పేటప్పుడు చివరిదాకా చెప్పకూడదు.

పథకాల అమలు మొదలైంది. మొదటి పూటే లబ్ధిదారులు తారుమారు. పింఛను తన గిన్నె వాసన చూసి, తిరిగి చూడకుండా పోయి కూనల గిన్నెలో మూతి పెట్టింది. పసివాటి మేతలో మాంసకృత్తులు, కొవ్వు ఎక్కువ, ఆ వాసన దానికి పింఛను కన్నా నచ్చింది. కూనలు బాలింత గిన్నెలోకి ఎక్కాయి, గిన్నెలోకే, నాలుగు కాళ్లతో. బాలింత ఇంటర్ గిన్నె దగ్గరికి, ఇంటర్ అన్ని గిన్నెల దగ్గరికి. దుబాయి మాత్రం ఎవరితోనూ గొడవ పడకుండా నేరుగా ప్యాకెట్టునే చింపింది.

మా గుడిలో ధర్మదర్శనానికి ఒక లైను, టికెట్టు దర్శనానికి ఒక లైను, కోడెమొక్కుకు కోడెను పట్టుకుని నడిచే దారి ఒకటి. కోడెలు సైతం తమ దారి తప్పవు. ఆ ఊళ్లో పుట్టిన పిల్లులకు లైను అంటే ఏమిటో తెలియకపోవడం నాకు మనస్తాపం కలిగించింది.

కొబ్బరికాయల చెక్కపెట్టెకు కూన పట్టేంత కంత కోసి, లోపల పసివాటి మేత పెట్టాను. మేకపిల్లల దాణా దగ్గరికి పెద్ద మేకలు రాకుండా ఇలాగే చేస్తారు, నా సొంత తెలివేమీ కాదు. పింఛను తల పెట్టి చూసి మానుకుంది. ఇంటర్ ఎలాగో దూరింది. దూరి, మూడు కూనల వాటా తిని, వచ్చిన దారినే రాబోతే పొట్ట పట్టలేదు. తెల్లవారి పెట్టె పలకలు ఊడదీసి దాన్ని బయటికి తెచ్చాం. పెట్టె నూట ఇరవై రూపాయలు.

మళ్లీ సారు దగ్గరికి. ఆయన నా మూడు ప్యాకెట్లూ చూసి నవ్వి, ‘‘ఇంతమందిని వేరువేరుగా కూసుండవెట్టుడు మీతోని కాదు. అన్ని వయసులకు పనికొస్తదని రాసి ఉన్నది ఒక్కటే కొనుర్రి, లేకుంటె పసివాటిదే అందరికీ పెట్టుర్రి’’ అన్నారు. పెద్దవాటి మేత కూనలకు చాలదు, కూనల మేత పెద్దవాటికి సరిపోతుంది, తూకం చూసి పెట్టకపోతే ఒళ్లు చేస్తాయి, అంతే తేడా. అమెరికా మేత ప్రమాణాల సంఘం లెక్క కూడా అదే: తేమ తీసేసి చూస్తే మాంసకృత్తులు ఎదిగిన పిల్లికి కనీసం 26 శాతం, పెరిగేవాటికి, ఈనేవాటికి 30 శాతం. ‘‘ముసలిదానికో?’’ అన్నాను. ‘‘దాని గుర్దాలు చెడితె అప్పుడు వేరే మేత. నీళ్లు తాగుడు ఎక్కువైతె తీసుకరాండ్రి. ఇప్పటికైతె గోరువెచ్చటి నీళ్లల్ల నానవెట్టి ఇయ్యుర్రి, పళ్లు లేవు గదా.’’ నానబెట్టింది గంటలో ఎత్తేయాలి, మా ఎండకు పులుస్తుంది. నానబెట్టిన ఆ గిన్నె కూనలకూ పనికొచ్చింది. అలా జీవితపు రెండు కొసలూ ఒకే గిన్నెలో తింటున్నాయి, పింఛను అప్పుడప్పుడు ఒక కూనను కొడుతుంది.

పోతూ పోతూ సారు అసలైన చవక మేత ఏదో చెప్పారు: ఆపరేషను. కూనలు పాలు మానగానే బాలింతకు, తర్వాత ఇంటర్‌కు చేయించాం. ఏడాదికి రెండు మూడు ఈతల లెక్క వేసుకుంటే ఏ కంపెనీ ఇవ్వలేని డిస్కౌంటు అది. రెండు కూనలను ఒక లాడ్జి ఆయన తీసుకుపోయాడు, ఆయనకు దుప్పట్లు కొరికే ఎలుకలున్నాయి.

ఇంతలో మా ఆవిడ ఫోన్లో ఏదో చదివింది. 2021లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు, మాంసం బాగా ఉన్న, ధాన్యం లేని మేత పెడితే పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గిందని లెక్క తేల్చారట. ‘‘అంటే పిరమైన మేత పెడితె ఎలుకలు పట్టవు. మక్కల మేతే మంచిది మనకు’’ అంది విజయగర్వంతో. పైకి కాదన్నాను గాని, జీవితంలో మొదటిసారి ఒక పరిశోధన నా జేబు వైపు నిలబడింది. మధ్యరకం బస్తా దగ్గర రాజీ పడ్డాం, మాంసం పేరు ముందుండాలి, టారిన్ పేరు ఎక్కడో ఒకచోట ఉండాలి.

ఇప్పుడు రోజుకు మూడు వందల గ్రాముల లోపే. పది కిలోల బస్తా కొంటే కిలోకు చాలా కలిసొస్తుంది. అయితే మే నెలలో రేకుల అర్రలో, విప్పిన బస్తా నెల తిరక్కముందే పాత నూనె వాసన కొట్టింది, మేతలో కొవ్వు ఎండకు చెడుతుంది. పిల్లులు వాసన చూసి నా మొహం వంక చూశాయి, ఎలుక కొరికిన దిమ్మ వంక నేను చూసినట్టు. చిన్న ప్యాకెట్టు పిరం, పెద్ద బస్తా పాడు.

కిందటి నెల కరీంనగర్ దుకాణంలో ఆ పది కిలోల బస్తా వంక చూస్తూ నిలబడ్డాను. పక్కన ఇంకొకాయన కూడా దాని వంకే చూస్తున్నాడు. మాట కలిస్తే మా ఊరే, భీమన్న గుడి అవతల ఇల్లట.

‘‘మీకెన్ని పిల్లులన్నా?’’ అన్నాను.

‘‘ఒక్కటే తమ్మీ. గాని అది మస్తు తింటది. ఎర్రగుంటది, పెద్దది. నెలకు పదిహేను రోజులు యాడికి వోతదో ఏమో కనవడది.’’

నాకు అనుమానం వచ్చింది. ‘‘చెవి...?’’

‘‘ఎడమది. చినిగింది. నీకెట్ల ఎరుక?’’

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. అక్కడ దాని పేరు బాబన్నట. ఆపరేషనుకు పైసలు నువ్వు పెడతావా నేను పెట్టాల్నా అనే చర్చ కరీంనగర్ బస్టాండు దాకా నడిచింది. బస్తా మాత్రం కలిసి కొన్నాం, నా దుకాణంలో నా తరాజు మీద సగం సగం తూచాం. అయిదు కిలోలు ఆయన సంచిలో పోసి కట్టబోతుంటే, ఆయన సంచి మూతి పట్టుకుని అన్నాడు:

‘‘ఆగు తమ్మీ. వాడు నీ కాడ తినే పదిహేను దినాలది నా సంచిలెట్ల వేస్తివి?’’

ఆ లెక్క ప్రకారం ఎవరికెవరు ఇవ్వాలో ఇద్దరం వేళ్ల మీద వేసుకుంటుంటే, దుబాయి తరాజు పళ్లెంలో ఎక్కి కూచుంది. నాలుగు కిలోల తొమ్మిది వందలు.