నేరశాస్త్రం చదవాలనుకునేవారికి తలకిందుల సలహాలు

ఈ సలహాలు ఇంట్లో పెద్దవాళ్లకు నచ్చవు. కెరీర్ కౌన్సెలింగ్ చేసేవాళ్లకు అసలే నచ్చవు. క్రిమినాలజీ మీద మనసుపడ్డ పిల్లలకు బయట వినిపించే మాటలకు ఇవి పూర్తిగా ఎదురు. పాటిస్తే మాత్రం ఆ రెండేళ్ల పీజీ వృథా పోదని నా గట్టి నమ్మకం.

మొదటిది. పోలీసు కావాలని ఉంటే క్రిమినాలజీలో చేరకండి. ఎస్సై పరీక్షకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఐపీఎస్‌కూ అంతే. పైగా సివిల్స్ ఆప్షనల్ సబ్జెక్టుల్లో సోషియాలజీ ఉంది, ఆంత్రోపాలజీ ఉంది, లా ఉంది, సైకాలజీ ఉంది, క్రిమినాలజీ లేదు. వేలిముద్రలు, రక్తపు మరకలు, డీఎన్‌ఏ అంటే ఇష్టమా? అది ఫోరెన్సిక్ సైన్స్. దానికి డిగ్రీలో కెమిస్ట్రీయో బయాలజీయో ఫిజిక్సో గట్టిగా చదివి ఉండాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లి తీరాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. కాబట్టి అక్కడ పని పెరుగుతుంది. కానీ అది సైన్స్ పిల్లల పని. క్రిమినాలజీ వాళ్ల పని వేరే.

ఆ పనేమిటో తెలియాలంటే హత్యల మీద మోజు వదులుకోవాలి. సీరియల్ కిల్లర్ల డాక్యుమెంటరీలు చూసి ఈ కోర్సు ఎంచుకున్నవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే నీరసపడిపోతారు. వాటికి బదులు ఏదో ఒక పనిదినాన మీ ఊరి మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లి వెనక బెంచీ మీద కూర్చోండి. కోర్టులు సాధారణంగా బహిరంగంగానే నడుస్తాయి, లోపలికి వెళ్లడానికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. పదిన్నరకు పేర్లు పిలవడం మొదలవుతుంది. ఎస్కార్టు కానిస్టేబుళ్లు రిమాండు ఖైదీని తీసుకొచ్చి నిలబెడతారు. కాగితం చేతులు మారుతుంది, ఇంకో తేదీ పడుతుంది, అతన్ని తీసుకెళ్లిపోతారు. వరండాలో అతని తల్లి ఏ తేదీ పడిందో కనుక్కోవడానికి ప్లీడరు గుమాస్తా వెంట తిరుగుతూ ఉంటుంది. మన దేశంలో నేరం కథ ఎక్కువగా నడిచేది ఇక్కడే. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువే కాలేదు.

క్రిమినాలజీ చదివినవాళ్లు ఏం చేయగలరో ఇక్కడే చూడండి. ఒక దొంగతనం కేసు తీసుకుందాం. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. నిందితుడికి ఇదివరకు శిక్ష పడి ఉండకపోతే, అందులో మూడో వంతు, అంటే ఏడాది, లోపల గడిపేసరికి బాండు మీద వదిలేయాలని కొత్త సంహిత 479వ సెక్షన్ చెబుతోంది. పాత శిక్ష ఉంటే సగం కాలం, ఏడాదిన్నర. ఉరి, యావజ్జీవం పడే కేసులకు ఇది వర్తించదు. మరో కేసు పెండింగులో ఉన్నా వర్తించదు. గడువు నిండగానే కోర్టుకు రాతపూర్వకంగా తెలపాల్సింది జైలు సూపరింటెండెంట్. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా ఎవరో ఒకరు కూర్చుని ప్రతి ఖైదీ రిమాండు తేదీ, సెక్షను, పాత చరిత్ర సరిచూసి లెక్కగట్టాలి కదా. ఆ లెక్క చేయనందుకు ఒక మనిషి అదనంగా ఆరునెలలు జైల్లో ఉండిపోవచ్చు. ఇంతకంటే విలువైన ప్రాక్టికల్స్ ఏ యూనివర్సిటీ పెట్టగలదు?

ఇక పాఠ్యపుస్తకం మొదటి అధ్యాయం నుంచి చదవకండి. అందులో ఇటలీ దేశపు లాంబ్రోసో ఉంటాడు. పుర్రెలు, ముఖాలు కొలిచి పుట్టు నేరస్థులుంటారని 1876లో పుస్తకం రాశాడు. తెలుగువాళ్లు బాపట్ల పక్కనున్న స్టూవర్టుపురం నుంచి మొదలుపెట్టాలి. పుట్టుకతోనే నేరస్థులనే ఆలోచన చట్టమైతే ఏమవుతుందో అక్కడ కళ్లకు కడుతుంది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఎరుకల కుటుంబాల్ని స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. పేరు నమోదు, వేలిముద్ర, హాజరు. ఊరు దాటాలంటే పాసు. 1952లో ఆ చట్టం పోయింది, ఊరి మీద ముద్ర మాత్రం పోలేదు. సినిమాలు ఆ ముద్రను ఇంకా అమ్ముకుంటూనే ఉన్నాయి, అది చూస్తే నాకు మహా కోపం. కవి జాషువా కూతురు హేమలత, ఆమె భర్త లవణం ఆ ఊరివాళ్ల మధ్య ఏళ్ల తరబడి చేసిన పని గురించి చదవండి. సంస్కరణ అనే మాటకు అర్థం వాళ్ల జీవితాల్లో దొరుకుతుంది.

లెక్కలంటే భయపడి ఆర్ట్స్‌లోకి వచ్చినవాళ్లకు ఇంకో చేదు మాట. స్టాటిస్టిక్స్ నేర్చుకోండి. పేపర్లో నేరాలు పెరిగాయని హెడ్డింగ్ చూడగానే నమ్మేవాళ్లకు ఈ సబ్జెక్టు రాదు. జాతీయ నేర గణాంకాల బ్యూరో ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా అన్నిటికంటే పెద్దదాన్ని మాత్రమే లెక్కేస్తుంది. ఇంట్లో దొంగలు పడి మనిషిని చంపి నగలు పట్టుకుపోతే ఆ కేసు హత్యల పట్టికలో చేరుతుంది, దొంగతనాల పట్టికలో కనపడదు. మరోవైపు స్టేషన్‌కు వచ్చిన ప్రతి ఫిర్యాదునూ నమోదు చేసే జిల్లాలో అంకెలు పెరుగుతాయి, జనాన్ని వెనక్కి పంపేసే జిల్లా ప్రశాంతంగా కనిపిస్తుంది. ఈ తేడా పట్టుకోగలిగితే మీరు సగం క్రిమినాలజిస్టు అయినట్టే.

కాలేజీ ఎంపికలో భవనాలూ ప్లేస్‌మెంట్ బ్రోచర్లూ పక్కన పెట్టి, ఒక్కటే అడగండి: విద్యార్థుల్ని జైళ్లకు, బాలల హోములకు, కోర్టులకు ఎన్ని రోజులు పంపుతారు? మద్రాసు, తిరునెల్వేలి, మధ్యప్రదేశ్‌లోని సాగర్ విశ్వవిద్యాలయాలకు ఈ సబ్జెక్టులో పేరుంది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో 1990లో మొదలైన ప్రయాస్ ప్రాజెక్టు ఖైదీల మధ్యే పనిచేస్తుంది. ఫీల్డ్‌వర్క్ లేని చోట క్రిమినాలజీ చదవడం దండగ, ర్యాంకు ఎంత బాగున్నా సరే.

ఉద్యోగాల మాట. పెద్ద హోదా కోసం చూడకండి, చిన్న పోస్టు కోసం చూడండి. ప్రొబేషన్ అధికారి ఎవరికీ పెద్దగా తెలియని ఉద్యోగి. చట్టంతో ఘర్షణ పడ్డ పిల్లవాణ్ని బాలల న్యాయ మండలి ముందు నిలబెట్టాక, 15 రోజుల్లో ఆ అధికారి సామాజిక పరిశోధన నివేదిక ఇవ్వాలి. ఇల్లెలా ఉంది, బడి ఎందుకు మానేశాడు, ఎవరి దగ్గర పనిచేశాడు, ఆ రాత్రి ఎవరు తీసుకెళ్లారు, ఇంటికి పంపితే చూసుకునేవాళ్లున్నారా. మండలి ఆ పిల్లవాణ్ని చూసేది ఆ నాలుగు పేజీల్లోంచే. వాటిని శ్రద్ధగా రాయగల మనిషి ప్రతి జిల్లాకూ కావాలి. జిల్లా బాలల సంరక్షణ విభాగాల్లో చాలా పోస్టులు కాంట్రాక్టువి కావడం మన ప్రభుత్వాలు సిగ్గుపడాల్సిన విషయం. జీతం చాలనివాళ్లకు హైదరాబాద్‌లో బ్యాంకుల, బీమా కంపెనీల మోసాల గుట్టు విప్పే ఆఫీసులున్నాయి. నల్లధనం లావాదేవీలు పసిగట్టడం అక్కడ పెద్ద పని. బోధన ఇష్టమైతే యూజీసీ నెట్‌లో క్రిమినాలజీ ప్రత్యేక సబ్జెక్టుగానే ఉంది.

ఆఖరుగా అమ్మానాన్నలకు. ఆడపిల్లకు ఈ చదువెందుకంటారు. ఆడపిల్లలే ముందు చేరాలంటాను. బాలల న్యాయ మండలిలో మేజిస్ట్రేటుతో పాటు కూర్చునే ఇద్దరు సామాజిక కార్యకర్తల్లో ఒకరైనా మహిళ ఉండాలని చట్టమే రాసింది. అత్యాచార బాధితురాలి ఫిర్యాదు మహిళా అధికారే రాసుకోవాలనీ ఉంది. బాధిత మహిళల కోసం నడిపే సఖి కేంద్రాల్లో, తెలంగాణ భరోసా కేంద్రాల్లో అర్ధరాత్రి ఒక అమ్మాయిని తీసుకొస్తే, ఆమెకు నీళ్లిచ్చి, తొందరపెట్టకుండా జరిగింది వినేది కౌన్సెలరే. మీ అమ్మాయికి ఇష్టముంటే ఈ సెలవుల్లోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తీసుకెళ్లి, పారాలీగల్ వాలంటీర్లను ఎప్పుడు తీసుకుంటారో అడగండి.