పచ్చ టిక్కు పడితే ఇంగ్లీషు వచ్చినట్టే

ఇంగ్లీషు రావాలంటే ఏం చెయ్యాలన్న ప్రశ్నకి ఇన్నాళ్లకి జవాబు దొరికింది. లాగిన్ అవ్వాలి. మెకాలే నుంచి రెన్ అండ్ మార్టిన్ దాకా ఇంత చిన్న సంగతి ఎవరికీ తట్టలేదు. అందుకే మన తాతలు పాపం వాచకాలు బట్టీపట్టి, పేపరు గట్టిగా చదివి, కలెక్టరాఫీసుకి అర్జీలు రాసి ఇంగ్లీషు నేర్చుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడా కష్టాలు లేవు. ఏ జిల్లా పరిషత్ హైస్కూలుకైనా వెళ్లి చూడండి. తొమ్మిదో తరగతి, మూడో పీరియడు, ఇంగ్లీషు. మాస్టారు సుద్దముక్క మరిచిపోయినా ఫోను మరిచిపోరు, హాట్‌స్పాట్ ఆయనదే కాబట్టి. బడుల వివరాలు సేకరించే యూడైస్ ప్లస్ 2023-24 లెక్కల ప్రకారం దేశం మొత్తమ్మీద ఇంటర్నెట్ ఉన్న బడులు 53.9 శాతం. మిగతా చోట్ల ఇంటర్నెట్ లేదని మీరు బెంగపెట్టుకోవద్దు. అక్కడది మాస్టారి జేబులో ఉంటుంది. రీచార్జి కూడా ఆ జేబులోంచే అవుతుంది.

గోడకున్న పెద్ద తెరని ఐఎఫ్‌పీ అంటారు. అది మేలుకునేలోపు హాజరు పట్టీ పూర్తవుతుంది. పాస్‌వర్డు ఎవరికీ తెలియకూడదని పైనుంచి గట్టి ఆదేశం ఉంది కాబట్టి, దాన్ని తెర అంచునే స్టిక్కరు మీద రాసి అంటించారు. తెర వెలగ్గానే అప్‌డేటు అడుగుతుంది. అప్పుడేం నొక్కాలో మాస్టారికి మొదటి బెంచీ పిల్ల చెబుతుంది. చెప్పదా మరి! 2024 అసర్ సర్వేలో పల్లెల్లోని 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని తేలింది. వాళ్లలో సర్వేకి ముందు వారంలో దాన్ని చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. పిల్లలు ప్రాక్టీసు చెయ్యడం లేదని ఎవరన్నారు? సబ్జెక్టు వేరు, అంతే.

ఇక అభ్యాసం మొదలు. తెర మీద ఖాళీ ఉన్న వాక్యం, కింద నాలుగు ఆప్షన్లు. యాభై మందికి తెర ఒకటి, దాన్ని తాకే వేలు ఒకటి. మిగతా నలభై తొమ్మిది నోళ్లూ ‘సీ, సీ, సీ’ అని కోరస్. మాస్టారి కనుబొమ్మ కదిలిందా, మరుక్షణం ‘బీ, బీ, బీ’. పచ్చ టిక్కు పడుతుంది, తెర మీద రంగు కాగితాలు రాలతాయి, క్లాసంతా చప్పట్లు. ఇంతలో వాక్యం వెళ్లిపోయి ఇంకోటి వస్తుంది. అందులో ఏముందని అడక్కండి. ఎవరు చదివారు గనక? నాలుగింట్లో పొడుగ్గా ఉన్నదే సాధారణంగా సరైనదని, ‘పైవన్నీ’ అన్న ఆప్షన్ కనబడితే వెనకాముందూ చూడక్కర్లేదని పిల్లలు ఎప్పుడో కనిపెట్టేశారు. కర్త, కర్మ, క్రియ తెలియకపోవచ్చు గానీ, ప్రశ్నపత్రం తయారుచేసినవాడి మనస్తత్వం వాళ్లకి కొట్టినపిండి.

మాట్లాడే అభ్యాసం లేదనుకునేరు. అదీ ఉంది. వచ్చిన వాక్యాన్ని మైకులో చదవాలి. రెండో బెంచీ కుర్రాడు లేచి శ్రద్ధగానే చదివాడు. పక్క గదిలో ఆరో తరగతి ఎక్కాలు, నెత్తిన ఫ్యాను గరగర, బయట మధ్యాహ్న భోజనం గిన్నెల చప్పుడు. ఇవన్నీ కలిపి విన్న యంత్రం ‘మళ్లీ ప్రయత్నించు’ అంది. మళ్లీ చదివాడు. మళ్లీ అదే మాట. నాలుగోసారి ఒళ్లు మండి ‘ఏందిరా ఇది!’ అన్నాడు. పచ్చ టిక్కు పడింది.

ఇదంతా ఈ శతాబ్దపు అద్భుతమని మురిసిపోయేవాళ్లకి ఒక పాత కబురు. 1920ల్లోనే అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో సిడ్నీ ప్రెస్సీ అనే మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు ఒక పెట్టె తయారుచేశాడు. ప్రశ్నకి నాలుగు జవాబులు, పెట్టెకి నాలుగు మీటలు. సరైన మీట పడేదాకా తర్వాతి ప్రశ్న రాదు. ఇన్ని జవాబులు సరిగ్గా నొక్కితే ఒక మిఠాయి బిళ్ల రాలేలా దానికో అమరిక కూడా బిగించాడు. దరిదాపు వందేళ్లయింది. నాలుగు మీటలూ నాలుగు ఆప్షన్లుగా అలాగే ఉన్నాయి. మిఠాయి మాత్రం ఎటో పోయి, దాని బొమ్మ మిగిలింది.

1950ల్లో బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే బాటలో ఇంకో యంత్రం చేశాడు గానీ, ఆప్షన్ల దగ్గర అడ్డం తిరిగాడు. పిల్లవాడు జవాబుని తనే కూర్చాలి, ఇచ్చినవాటిలోంచి ఏరుకోకూడదన్నాడు. నిజంలా కనబడే తప్పుల్ని పక్కన పేర్చి చూపిస్తే, ఆ తప్పుల్ని మనమే నేర్పినట్టవుతుందని ఆయన వాదన. గింజలేసి పావురాల చేత బిళ్లల్ని పొడిపించిన మనిషాయన. అలాంటివాడికే పిల్లలు నాలుగింట్లో ఒకటి నొక్కి కూర్చోవడం చాలదనిపించింది. మనకి చాలింది. ఎందుకంటే పిల్లవాడు సొంతంగా కూర్చిన వాక్యాన్ని ఎవరో ఒకరు కూర్చుని దిద్దాలి. నొక్కిన బొత్తానికి ఆ బెడద లేదు. యాభై మందివీ క్షణంలో లెక్కకొస్తాయి.

ఆ లెక్క కోసమే ఏలినవారు ఎప్పటికప్పుడు కొత్త సరంజామా తెస్తున్నారు. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. అదే డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి ఆ పాఠాలు నింపిన ట్యాబులు పంచింది. 2024 జూలై నాటికి ఆ పిల్లలు పదో తరగతిలో ఉన్నారు, ఆ కంపెనీ దివాలా ప్రక్రియలో ఉంది. ఎవరి ప్రమోషన్ వాళ్లది. ఈ మధ్యలోనే, 2023 జూన్‌లో, అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఇంకో ఒప్పందం. మూడు నుంచి అయిదు తరగతులకి టోఫెల్ ప్రైమరీ, ఆరు నుంచి తొమ్మిది దాకా టోఫెల్ జూనియర్. అమెరికా చదువులకి బయల్దేరే బీటెక్ కుర్రాళ్ల ఇళ్లల్లో వినబడే పేరు మూడో తరగతి పిల్లల నోట పలికింది. 2024లో ప్రభుత్వం మారింది, టోఫెల్ టైమ్‌టేబుల్ దిగిపోయింది. ఏది వచ్చినా, ఏది పోయినా మాస్టారికి ట్రైనింగు మాత్రం తప్పదు. అందులో యాప్ ఎలా తెరవాలో చెబుతారు. పిల్లవాడి నోరు ఎలా తెరిపించాలో అడిగితే, ‘ఆ స్లైడు తర్వాత వస్తుంది సార్’ అంటారు.

నోరు తెరవాల్సిన అవసరమూ లేదనుకోండి. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషు అంతా రాతే. విని చెప్పేది, మాట్లాడి మెప్పించేది ఏమీ ఉండదు. పదేళ్లు ఇంగ్లీషు చదివిన పిల్లవాడు ఒక్క ఇంగ్లీషు ముక్క పైకి అనకుండా ఫస్టు క్లాసులో పాసై, ఊరేగింపుగా ఇంటర్‌కి వెళ్లొచ్చు. మౌనవ్రతం పట్టి నేర్చుకోగల భాషని కనిపెట్టిన ఘనత మనదే.

అయితే అన్ని చోట్లా కొందరు మొండివాళ్లుంటారు. ఒక బడిలో ఒక ఇంగ్లీషు మేడం ఉన్నారనుకోండి. ఆవిడ వాడేది ప్లిక్కర్స్ అనే సాధనం. దానికి పిల్లల దగ్గర ఏ పరికరమూ అక్కర్లేదు. తలా ఒక అచ్చు కార్డు ఇస్తే చాలు. జవాబుని బట్టి కార్డుని నాలుగు వైపుల్లో ఏదో ఒక వైపు పైకి తిప్పి పట్టుకుంటారు. టీచరు ఫోను కెమెరా క్లాసు మీదుగా ఒకసారి తిప్పితే ఎవరు ఏమన్నారో తెలిసిపోతుంది. పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడమూ కష్టమే, ఎవరి కార్డు మీది బొమ్మ వారిది.

ఈవిడ ఒక ప్రశ్న అడిగారు. సగం మంది ఏ, సగం మంది బీ. సరైనదేదో చెప్పకుండా ఫోను బల్ల మీద బోర్లించి, ‘ఏ అన్నవాళ్లు బీ వాళ్లని ఒప్పించండి. ఇంగ్లీషులోనే’ అన్నారు. ఇక చూడండి రచ్చ.

‘నో, నో! బికాజ్ హీ ఎస్టర్‌డే గో!’

‘ఎస్టర్‌డే గో ఏంటే? ఎస్టర్‌డే వెంట్!’

‘సేమ్ థింగ్ ఓన్లీ!’

‘నాట్ సేమ్! యూ టెల్ వై సేమ్!’

గంట కొట్టినా ఆగలేదు. వరండాలో సోషల్ మాస్టారు తలుపు దగ్గర నిలబడి, లోపలికి రావాలా వద్దా అని చూస్తున్నారు. ఆ క్లాసులో ఆ రోజు పడ్డ ఇంగ్లీషు తప్పులు ఏడాది మొత్తమ్మీద పడినవాటికంటే ఎక్కువ. సొంతంగా వాక్యం కూర్చినవాడికే తప్పు చేసే యోగం ఉంటుంది.

తెర వాడకాన్ని పైవాళ్లకి చూపించే డ్యాష్‌బోర్డుకి ఈ గొడవేమీ తెలియదు. దానికి తెలిసింది నిమిషాలు. ఆ మేడం క్లాసులో తెర వినియోగం ఎనిమిది నిమిషాలు. వారం తిరక్కుండా మండలం నుంచి ఫోనొచ్చింది.

‘ఏంటమ్మా, మీ స్కూలు ఎర్రగా కనబడుతోంది?’

‘పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడుతున్నారండీ, సార్.’

‘మాట్లాడనివ్వకండమ్మా. ప్రాక్టీసు చేయించండి.’

ఆయన్ని అని లాభం లేదు. ఆయన ఎరుపు మీద ఆయన పైవారు, వారి ఎరుపు మీద వారి పైవారు వివరణ అడుగుతారు. ఒకప్పుడు టీచర్లని మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టమన్న వ్యవస్థ ఇది. ఫొటో వచ్చిందంటే దొడ్డి శుభ్రం, నిమిషాలు వచ్చాయంటే చదువు భేష్. దీని లెక్కకి రానిది పిల్లల గొంతు ఒక్కటే. అది ఏ గ్రాఫులోనూ పైకి లేవదు, క్లాసులోనే లేస్తుంది.

సాయంత్రానికి మేడం లాగిన్‌కి వివరణ ఫారం వచ్చింది. వినియోగం తగ్గడానికి కారణం ఎంచుకోండి. ఏ: నెట్‌వర్క్ లేదు. బీ: కరెంటు లేదు. సీ: పరికరం పాడైంది. డీ: ఇతర కారణాలు. ఆవిడ డీ నొక్కారు. ఆ కారణాలేమిటో రాయడానికి ఖాళీ ఎక్కడా లేదు. ‘దయచేసి సరైన కారణం ఎంచుకోండి’ అని ఎర్ర గుర్తు పడింది.

నెత్తిన మూడు ఫ్యాన్లు తిరుగుతుండగా, స్టాఫ్ రూములో ట్యూబులైటు వెలుగుతుండగా, మేడం బీ నొక్కారు.

పచ్చ టిక్కు పడింది.