శిథిలాలయంలో వియ్యంకులు

అన్నానికి కూర్చునేటప్పుడు మా నల్లగొండ మేనమామ చెయ్యి కడిగితే కడిగినట్టు, లేకుంటే లేదు. ‘శిథిలాలయం’ ముట్టుకోవాలంటే మాత్రం సబ్బుతో రెండుసార్లు కడిగి, తువ్వాలతో తుడిచి, ఫ్యాను కింద అరచేతులు ఆరబెట్టుకుని, అప్పుడు బీరువా తాళం తీస్తాడు. లోపల ఎండు వేపాకు, కర్పూరం బిళ్లలు, నాలుగు బైండ్లు. మా అత్త పెళ్లిచీర ఇనప్పెట్టెలో చెదలుపట్టి పోయింది గానీ ఈ నాలుగింటికీ ఈగ వాలలేదు.

‘‘ఒక్క కథనే నాలుగుసార్లు దాచినవేంది మామా?’’ అంటే నన్ను పురుగును చూసినట్టు చూశాడు. ‘‘కథెవనికి గావాల్రా? నాలుగూ నాలుగు అచ్చులు.’’

తెలియని పిల్లల కోసం రెండు ముక్కలు. 1947 జులైలో మద్రాసులో మొదలైన చందమామ, 1954లో ‘తోకచుక్క’ అనే జానపద సీరియల్ ఎత్తుకుంది. ఆ తర్వాత మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం, అన్నీ కలిపి 12. చిత్రా వేసిన బొమ్మల్లో రాక్షసుడి గోళ్లు చూసి దుప్పట్లో దూరిన తరాలున్నాయి. శిథిలాలయం వీరులు శిఖిముఖి, విక్రమకేసరి మా బళ్లో సగం మందికి అన్నదమ్ముల కింద లెక్క. ఇంత పేరొచ్చినా ఏళ్ల తరబడి ఇవి పుస్తకాలుగా రాలేదు. జనమే ఏ నెలకానెల పేజీలు చింపి, దబ్బనంతో బెజ్జాలు పెట్టి, గడియారం సెంటర్ దగ్గర బైండింగాయన చేతికిచ్చి అట్ట వేయించుకున్నారు. అంటే ఈ నవలలకు తొలి ప్రచురణకర్త మైదా జిగురు డబ్బా పట్టుకున్న ఆ బైండింగాయనే.

ఈనాటి సేకర్తలు తిట్టేది కూడా సరిగ్గా వాళ్లనే. ‘‘సంచిక చింపుతరా బుద్ధి లేకుంట? పిన్నుల జత పోయె, వెనకట్ట మీద ప్రకటన పోయె!’’ అని మా మామ శాపనార్థాలు పెడుతుంటే, చింపి కుట్టుకున్నవాళ్లు కథ చదివారు కదా అని నోటిదాకా వచ్చి మింగేస్తాను.

నాలుగు అచ్చుల లెక్క ఇదీ. ఒకటి, పత్రికలో మొదటిసారి వచ్చిన పేజీలు. రెండు, పాత సీరియళ్లను పత్రికే తర్వాతి కాలంలో మళ్లీ వేసినప్పటివి. మూడు, ఆలస్యంగానైనా వచ్చిన పుస్తకం. నాలుగు, ఎవరో స్కాన్ చేసిన పేజీలకు తీసిన జిరాక్సు. ఈ నాలుగోది మా ఇంట్లో అంటరానిది. బీరువాలో అడుగున, గుడ్డ చుట్టి ఉంటుంది. విచిత్రమేమిటంటే అట్ట నుంచి అట్ట దాకా ఒక్క నెల తప్పిపోకుండా ఉన్నది అదొక్కటే.

మొదటి అచ్చులో మామకు ఏడు నెలలు లేవు. ఆ ఏడు నెలల కోసం ఆదివారం ఆదివారం నల్లగొండ నుంచి బస్సెక్కి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పల్లో మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒకసారి దొరికింది కూడా. కానీ ఏ మూడో తరగతి పిల్లో దాని మీద తన పేరు రాసుకుని, రాక్షసుడికి పెన్సిల్‌తో కళ్లద్దాలు పెట్టింది. ‘‘ఖరాబ్ చేసింది’’ అని మామ దాన్ని అక్కడే పడేసి వచ్చాడు. ఆ పిల్ల ఆ పుస్తకానికి చేసిన అపరాధం చదవడం.

ఆ ఏడు నెలలూ పాలమూరులో ఒక సారు దగ్గర ఉన్నాయని తెలిసింది. అమ్మడు, ఇవ్వడు, చూపించడానికి కూడా ముహూర్తం చూస్తాడు. ఆయనకో కొడుకున్నాడు. మా మామకో కూతురుంది. మేనరికం లెక్కన ఆ పిల్ల నాకు రావలసింది. నా దగ్గర డిగ్రీ ఉంది, సర్కారీ నౌకరీ ఉంది, చందమామ మాత్రం ఒక్క సంచికా లేకపోయె. పెళ్లిచూపుల్లో పిల్లవాడి జీతమెంతని ఎవరూ అడగలేదు. ‘‘మీ శిథిలాలయంలో పిన్నులు తుప్పు పట్టినయా, ఇత్తడివా?’’ అని మా మామ అడిగిన మొదటి ప్రశ్న నా చెవిలో ఇంకా ఉంది.

పెళ్లయింది. సంచికలు మాత్రం రాలేదు. ‘‘పిల్లను తెచ్చుకున్నం గాని పిల్లతోని నా పుస్తకాలకు ఏం సంబంధం బావా?’’ అన్నాడట వియ్యంకుడు. అప్పటినుంచి ఇద్దరూ రెండు నెలలకోసారి సగం దారిలో, కల్వకుర్తి బస్టాండు పక్క హోటల్లో, తమ తమ బైండ్లు సంచీల్లో పెట్టుకుని కలుస్తారు. మనవరాలిని మాత్రం ఇద్దరూ ఫోన్లోనే చూస్తారు.

ఆ సమావేశం చూసి తీరాలి. మొదట బల్ల మీద చాయ్ మరకలు తుడిపిస్తారు. తర్వాత చాయ్ చెప్పరు, మరక పడుతుందని. హోటలాయన ఓర్పుకు దండం పెట్టాలి. ఇద్దరూ భూతద్దాలు తీస్తారు. ఒకాయన చూపించిన పేజీలో ఎరుపు పక్కకు జరిగి రాజకుమారుడి తలపాగా రంగు ఆయన ముక్కు మీద పడింది. మెషిన్ మీద ఎవరో ఒక నిమిషం కునుకు తీసిన పాపం అది. ‘‘దీని విలువ తెలుసునా బావా? గిట్ల తప్పుపడ్డది ఇంకోటి దొరకదు’’ అంటాడు పాలమూరు సారు. మా మామ మొహం వాడిపోతుంది. ఆయన ప్రతిలో రాజకుమారుడి ముక్కు ముక్కు రంగులోనే ఉంది, దరిద్రం.

ఇంకోసారి ‘జరిగిన కథ’ మీద పంచాయితీ. నెలనెలా సీరియల్ నెత్తిన కిందటి నెల కథ నాలుగు వాక్యాల్లో చెప్పేవాళ్లు, సంచిక దొరకని పిల్లలు దారి తప్పకుండా. పుస్తకం చేసినప్పుడు అది ఉంచాలా, తీసేయాలా? ఉంచకపోతే అది ముద్రణే కాదని మామ, ఉంచితే పుస్తకమే కాదని వియ్యంకుడు. మధ్యాహ్నం బస్సు పోయింది. ‘‘ఇంతకూ ఆ నాలుగు వాక్యాల్లో ఏముంది?’’ అని నేనడిగితే, బస్సు పోయినందుకు నన్ను తిట్టారు.

సేకరణను నేను తప్పుపట్టను. మా రెండు జిల్లాల నీళ్లలోనే అది ఉందేమో. పాలమూరు జిల్లా సురవరం ప్రతాపరెడ్డి కూడా సేకర్తే కదా. నిజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యమని ఎవరో అన్నారని, పల్లెపల్లె నుంచి పద్యాలు తెప్పించి, 354 మందిని ఒక్కచోట చేర్చి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేశాడు. ఆయన బీరువా తాళం తీసి జనం ముందు పోశాడు, వీళ్లు జనం ముందున్నది తీసి బీరువాలో వేస్తున్నారు. మా మామనడిగాను: ‘‘1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు మన నల్లగొండ నుంచే నీలగిరి పత్రిక తెచ్చాడు కదా, దాని పాత కాగితం ఒక్కటన్నా సంపాయించినవా?’’ మామ కాసేపు నిజాయితీగా ఆలోచించాడు. ‘‘అందుల బొమ్మలుండయి గదరా.’’

సరే, బొమ్మలున్నదాని గురించే అడుగుదామని, ‘‘శిథిలాలయం రాసిందెవరు?’’ అన్నాను. ఇద్దరూ ఒక్క గొంతుతో ‘‘చిత్రా’’ అన్నారు. బొమ్మలు కాదు, కథ అన్నాను. వియ్యంకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెళ్లైన నాటి నుంచి వాళ్లు ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క క్షణమే. పాపం, వాళ్లనే అనడానికి లేదు. చందమామ ఆ సీరియళ్ల మీద రచయిత పేరు వేయలేదు. దాసరి సుబ్రహ్మణ్యం 1952లో ఆ ఆఫీసులో చేరి అర్ధశతాబ్దం పనిచేసి, పన్నెండు సీరియళ్లు రాసి, 2010లో కన్నుమూశారు. పిన్నుకు తుప్పెప్పుడు పట్టిందో చెప్పగల ఈ పండితులకు ఆ పేరు తెలియకపోవడం వింతేం కాదు. పేరుకు రంగుండదు, అది పక్కకు జరగదు.

ఆ సాయంత్రం నాకు పాపపు బుద్ధి పుట్టింది. మరదలి సంగతి కూడా మనసులో మెదిలిందని ఒప్పుకుంటాను.

ఆఫీసు పని మీద రాయచూరు వెళ్లినప్పుడు ఒక పాత సామాను దుకాణంలో కట్టలు కట్టిన చందమామలు కనిపించాయి, కన్నడవి. చందమామ అన్ని భాషల్లోనూ అవే బొమ్మలతో వచ్చేది కదా. శిఖిముఖి అదే కత్తి, రాక్షసుడివి అవే గోళ్లు. మామకు లేని ఏడింట్లో ఒక నెల పేజీలు అందులో ఉన్నాయి. తూకం లెక్కన కొన్నాను. చందమామ చింపినందుకు ఏ నరకం ఉందో ఆ నరకానికి సిద్ధపడి చింపాను. గడియారం సెంటర్ బైండింగాయన మామ మొదటి అచ్చు బైండు కుట్టు విప్పి, మధ్యలో దోపి, మళ్లీ కుట్టిచ్చాడు. ‘‘లిపి మనది గాదు గద సారూ’’ అన్నాడు ఆయన. చూశాడు మరి, ఆయన చదివే మనిషి.

ఆ తర్వాతి సమావేశానికి మామ కాలరెగరేసుకుని కల్వకుర్తి వచ్చాడు. పాలమూరు సారు ఆ పేజీల దగ్గర ఆగాడు. భూతద్దం పెట్టాడు. కాగితాన్ని వెలుతురుకు పట్టాడు, వాసన చూశాడు, గోటితో గీశాడు. రెండు గంటలు పట్టింది. చివరికి ఓడిపోయినవాడి గొంతుతో, ‘‘ఒప్పుకున్న బావా, అసలైన మొదటి అచ్చు ఇదే’’ అన్నాడు.

మా మామ తల ఆడించి, ఒక పేజీ మీద వేలు ఆనీ ఆననట్టు పెట్టి చూపించాడు.

‘‘అచ్చు సంగతి గట్ల పెట్టు. ఆ కాలపు అక్షరం ఎంత గుండ్రంగున్నదో జూడు.’’