లైసెన్సు మాది, డీసీఎం సేటుది

ఆదివారం పూట తాండూరులో చేపలు కొందామని పోతే థర్మోకోల్ పెట్టె మూత తీసి చూపిస్తారు. భీమవరం, కైకలూరు దిక్కు నుంచి మంచులో పడుకుని వచ్చిన బొచ్చెలు, రవ్వలు. మన చెరువుల చేపలేవయ్యా అంటే, "అవి పొద్దుగాలనే పట్నం పోయినయ్ సార్" అంటాడు. కోట్‌పల్లి, లఖ్నాపూర్, జుంటుపల్లి, సర్పన్‌పల్లి అంటూ ఇన్ని ప్రాజెక్టులున్న జిల్లా మనది. మూసీ పుట్టింది అనంతగిరి గుట్టల్లో, కాగ్నా పారేది తాండూరు పక్కన. మనకేమో కోస్తా నుంచి వచ్చిన మంచు చేప!

మా రోజుల్లో ఇట్లా లేదు. ఎండలు ముదిరి చెరువు అడుగంటితే వల దింపే రోజు ఊరంతా కట్ట మీదే ఉండేది. ముదిరాజులు, గంగపుత్రులు నీళ్లలో ఉంటే మేం పిల్లలం గట్టున గంపలు పట్టుకుని నిలబడేవాళ్లం. పట్టిన చేపను కట్ట మీద కుప్పలు పోసేవారు. ప్రతి కుప్పలో ఒక పెద్దది, నాలుగు నడిమివి, పిడికెడు పరకలు సరిచూసి వేసేవారు. అప్పుడొక పిల్లగాణ్ని అటు తిప్పి నిలబెట్టి, "ఇది ఎవరిది?" అని అడిగేవారు. వాడు ఏ పేరు చెబితే కుప్ప వాళ్లది. కాటా లేదు, చీటీ లేదు, కొట్లాట అంతకన్నా లేదు. పటేలు ఇంటికి మంచి కొర్రమట్ట ముందే పోయేదనుకోండి. ఆ దొరతనాన్ని మెచ్చుకునేంతగా నాకు మతి పోలేదు. కానీ పటేలు తిన్నా ఊళ్లోనే తిన్నాడు. మిగతా కుప్పలు ఊళ్లోనే పులుసయ్యాయి.

ఇప్పుడు కాగితాలకు కొదవ లేదు. మత్స్యకార సొసైటీలో సభ్యత్వం కావాలంటే ఈత కొట్టి చూపాలి, వల విసిరి చూపాలి, వల అల్లి చూపాలి. 2016-17 నుంచి సర్కారు ఉచితంగా చేపపిల్లలు పోస్తోంది. ఎండిపోయే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్ల, ఏడాదంతా నీళ్లుండే రిజర్వాయర్లకు 80-100 మిల్లీమీటర్ల పిల్ల. 2018 ప్రాంతంలో ఎన్‌సీడీసీ (జాతీయ సహకార అభివృద్ధి సంస్థ) అప్పుతో 75 శాతం సబ్సిడీ మీద మోపెడ్లు, వలలు, ఆటోలు పంచారు. సొసైటీకి ఇచ్చిన చెరువును మరొకరి చేతిలో పెట్టొద్దన్నదీ నిబంధనే. వింటే కడుపు నిండుతుంది.

ఇక కట్ట మీద సంగతి చూడండి. తెల్లారక ముందే పట్నం సేటు డీసీఎం వ్యాను వచ్చి నిలబడుతుంది. ఎలక్ట్రానిక్ కాటా సేటుది, మంచు సేటుది, వల సేటుది, చివరికి వల లాగే కూలీలు కూడా బయటి జిల్లా నుంచి ఆయన తెచ్చినవాళ్లే. మునీం కాటా పక్కన కూర్చుని చిన్న డైరీలో రాసుకుంటాడు. లైసెన్సు ఉన్నవాడు గట్టున చేతులు కట్టుకుని నిలబడి చూస్తాడు. పోయేముందు ఇంటికో క్యారీబ్యాగులో కూరకు సరిపడా పడేసి పోతారు. నేను చూసిన చెరువు పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, మీ ఊరి చెరువు కూడా అట్లాగే ఉండొచ్చు.

చెరువును సేటుకు ఎందుకిచ్చార్రా అని సొసైటీ పెద్దమనిషిని అడిగాను. "ఏం జేస్తం సార్, బిడ్డ పెండ్లికి మృగశిర కార్తెకు ముంగటనే అడ్వాన్సు ఇచ్చిండు. వలకు పైసలు, కావలికి పైసలు ఎవలిస్తరు? బ్యాంకోడు ఇస్తడా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. సంతకం వాడిది, అప్పు సేటుది. అప్పు ఎవరిదైతే చేప వారిదే.

చెరువు సంగతి వదలండి, సముద్రంలోనూ ఇదే తంతు. విదేశీ పడవల మీద 1981లోనే చట్టం చేశారు. దాని నీడలోనే చార్టర్ల పేరుతో మన కంపెనీ లైసెన్సు మీద పరాయి నౌకలు మన నీళ్లలో తిరిగాయి. 1991లో లోతు సముద్రపు వేటకు జాయింట్ వెంచర్లు, లీజులు అంటూ తలుపు ఇంకాస్త తీశారు. థామస్ కొచ్చేరి వంటి మత్స్యకార నాయకులు నిరాహారదీక్షలకు కూర్చున్నారు, 1994లో తీరమంతా సమ్మెలు చేసింది. 1996లో కేంద్రం వేసిన మురారి కమిటీయే ఆ లైసెన్సులన్నీ రద్దు చేయమంది. హమ్మయ్య అనుకునేలోగా 2002లో ఎల్‌ఓపీ (అనుమతి పత్రం) అని ఇంకొకటి వచ్చింది: విదేశంలో కట్టిన నౌకకు మన జెండా కట్టుకుని వేటాడవచ్చునట. దాన్ని తీసేయడానికి 2017 దాకా పట్టింది.

మన దగ్గరే కాదు, ఘనా దేశంలో పెద్ద ట్రాలర్ల లైసెన్సు ఆ దేశస్థులకే ఇవ్వాలని చట్టం. కాగితం మీద యజమాని ఘనా కంపెనీయే, వెనక పెట్టుబడి మాత్రం చైనాది. సేటు లేని ఊరు ప్రపంచంలో ఎక్కడుంది?

అంతదాకా ఎందుకు, కొల్లేరునే చూడండి. 1970ల్లో జలగం వెంగళరావు ప్రభుత్వం పేద మత్స్యకారుల సొసైటీలకని చేపల చెరువులు ఇచ్చింది. తర్వాత అవి ఎవరి చేతుల్లోకి పోయాయో కోస్తాలో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. 2006లో కొల్లేరులో గట్లు తెగ్గొట్టేనాటికి సొసైటీల పేర్లు రిజిస్టర్లలో మిగిలాయి, లాభాలు ఎప్పుడో పట్నాలు చేరాయి.

ఇప్పుడు కేంద్రం 2025 నవంబరులో కొత్త నిబంధనలు తెచ్చింది. మన ప్రత్యేక ఆర్థిక మండలంలో, అంటే తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా, విదేశీ నౌకలకు చోటు లేదంది. అక్కడ వేటకు పోయే యాంత్రిక పడవలకు యాక్సెస్ పాస్ కావాలంది. సహకార సంఘాలకు, మత్స్యకార ఉత్పత్తిదారుల సంస్థలకు ముందుగా ఇస్తామంది. చాలా మంచిది, కాదనను. కానీ సహకార సంఘానికి ముందుగా ఇవ్వడం అంటే ఏమిటో మా చెరువుల్లో ఏళ్ల తరబడి చూస్తున్నాం. లోతు సముద్రంలోకి పోయే పడవ ఖరీదు కోట్లలో ఉంటుంది. చెరువు వలకే అడ్వాన్సు తీసుకున్నవాడు ఆ పడవకు ఎవరి దగ్గర చెయ్యి చాపుతాడు? మళ్లీ సేటు దగ్గరే. కాకపోతే ఈ సేటు హైదరాబాదులో ఉండడు, ఏ సింగపూర్‌లోనో ఉంటాడు.

అందుకే నేననేది: తనిఖీకి వచ్చే సార్లు కార్డు మీద ఫోటో చూసి పోకండి. వల ఎవరు కొన్నారో, మంచు బిల్లు ఎవరు కట్టారో, మొదటి తూకం చీటీ మీద ఎవరి సంతకం ఉందో చూడండి. కిలో ఎంతకు అమ్మారో సొసైటీ గోడ మీద సుద్దముక్కతో రాయించండి. పెండ్లి సీజనుకు ముందు బ్యాంకు అప్పు వచ్చేలా చూస్తే చాలు, ఆ డీసీఎం దానంతట అదే వెనక్కి తిరుగుతుంది. ఇదంతా ముసలి చాదస్తం అంటారా? అనండి. ముందు ఆ తూకం చీటీ మాత్రం తెప్పించండి.