చీరల కొట్టు కవరు

ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి రోగి వివరాలు చేరవేసే వ్యవస్థ మన దేశంలో ఎప్పటినుంచో ఉంది. దానికి కరెంటు అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, సర్వర్ డౌన్ అయ్యే ప్రసక్తే లేదు. దాని పేరు చీరల కొట్టు కవరు. మా మేనత్తది కనకాంబరం రంగు కవరు. మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి బట్టలు తీసినప్పటిది. ఒక పిడి తెగితే ముడేసి వాడుతోంది. పదకొండేళ్ళ షుగరు, రెండు కంటి ఆపరేషన్లు, ఒక గుండె స్కానింగు, ఎప్పుడో మూతపడ్డ ల్యాబు తాలూకు రశీదుతో సహా అన్నీ అందులోనే.

ఆ కవరు చంకన పెట్టుకుని మొన్న హైదరాబాదులో ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్ళాం. గోడ నిండా 'సంపూర్ణ డిజిటల్ ఆస్పత్రి' అని బోర్డు. కౌంటర్ దగ్గర ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించారు. అత్తయ్య 14 అంకెల ఆభా ఆరోగ్య ఖాతా నంబరును కంప్యూటరు గుర్తుపట్టగానే, చిటికెలో టోకెన్ వచ్చేసింది. ఆహా అనుకున్నాను. లోపలికెళ్ళాక డాక్టరుగారు అడిగిన మొదటి మాట, "పాత రిపోర్టులు తెచ్చారామ్మా?"

అత్తయ్య కవరు బల్ల మీద గుమ్మరించింది. నాలుగు రోజుల కిందటి క్రియాటినిన్ రిపోర్టు పైకి తేలింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది బయటి ల్యాబుదమ్మా, ఇక్కడ మళ్ళీ చేయిద్దాం" అన్నారు.

"బాబూ, రక్తం నాదే కదా?" అంది అత్తయ్య. ఆయన నవ్వారు. బిల్లు నవ్వలేదు.

ఒక ఆస్పత్రి అంకె ఇంకో ఆస్పత్రి చదవని ఈ జబ్బుకి మందు లేకపోలేదు. అదీ ఉచితంగానే దొరుకుతోంది. ఆస్పత్రుల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలని అమెరికాలో హెచ్ఎల్7 అనే సంస్థ 1987లోనే పుట్టింది. 2011లో గ్రాహమ్ గ్రీవ్ అనే ఆస్ట్రేలియావాసి అంతకంటే తేలికైన పద్ధతి ప్రతిపాదించాడు. దాన్ని ఎఫ్‌హెచ్‌ఐఆర్ అని రాసి, 'ఫైర్' అని పలకాలి. ఎవరైనా వాడుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. దాన్ని నడిపే హాపీ అనే సర్వర్ టొరంటో ఆస్పత్రుల వాళ్ళు రాసింది, అదీ ఓపెన్ సోర్సే. మన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కూడా ఈ ఫైర్‌నే ప్రమాణంగా తీసుకుంది. మరి ఇంకేం కావాలి? నిప్పు అన్నంత మాత్రాన నోరు కాలదని మన పెద్దలకు ముందే తెలుసు.

ఫైర్ అడిగేది చిన్న విషయం. క్రియాటినిన్ అయితే 2160-0 అనే లాయింక్ కోడ్ (ల్యాబు పరీక్షలకు పెట్టిన గుర్తింపు సంఖ్య), పక్కన అంకె, దాని పక్కన కొలమానం, తేదీ. ఇంతే. అప్పుడు ఇంకో ఆస్పత్రి కంప్యూటరు ఆ అంకెను చదివి, మూత్రపిండాలు ఆరు నెలలుగా ఎటు పోతున్నాయో గీత గీసి చూపగలదు. కానీ మనవాళ్ళ ప్రతిభ వేరు. యంత్రంలో పుట్టిన అంకెను కాగితం మీదికి దించుతారు. దానికి స్టాంపు వేస్తారు, సంతకం పెడతారు, ఫోటో తీస్తారు, పీడీఎఫ్ చేస్తారు. ఆ పీడీఎఫ్‌ని ఫైర్ పొట్లంలో చుట్టి పంపిస్తారు. పొట్లం నిఖార్సుగా ప్రమాణబద్ధమే, తనిఖీలో నూటికి నూరు. లోపల ఉన్నది మాత్రం వంకరగా పడ్డ ఫోటో. కంప్యూటరులో పుట్టిన అంకె ఊరంతా తిరిగి కంప్యూటరులోకే చేరి, దారిలో చదవడం మరిచిపోయిందన్నమాట. ఈ పద్ధతికీ అత్తయ్య కవరుకీ తేడా ఒక్కటే: కవరులోని కాగితం తిన్నగా ఉంటుంది.

ఆభా నంబర్లు 70 కోట్లు దాటాయని ప్రకటన వచ్చింది. సంతోషమే. ఇళ్ళకు నంబర్లు వేశాం, వీధులు తర్వాత వేసుకోవచ్చు.

ఇందులో కోపగించుకోవాల్సింది ప్రోగ్రాములు రాసేవాళ్ళ మీద కాదు. వాళ్ళు చేయాల్సింది చేశారు. వర్ణవివక్ష ముగిసిన రోజుల్లో దక్షిణాఫ్రికాలో మొదలై, ఓస్లో విశ్వవిద్యాలయం పెంచిన డీహెచ్ఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2000 చివర్లో మన దేశంలో అడుగుపెట్టింది ఎక్కడనుకున్నారు? మన కుప్పంలో! ఇవాళ దాని రెండో తరం 70కి పైగా దేశాల్లో పనిచేస్తోంది. 2004లో మొదలైన ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎంఆర్‌ఎస్ కెన్యాలోని ఎల్డొరెట్‌లో హెచ్ఐవీ రోగుల ఫైళ్ళు మోసింది. దాని మీదే కట్టిన బాహ్మ్ని ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి అనే పల్లె ఆస్పత్రిలో రూపుదిద్దుకుంది. పల్లె ఆస్పత్రికి అబ్బిన విద్య కార్పొరేట్ ఆస్పత్రికి ఎందుకు అబ్బలేదో అడక్కండి. మళ్ళీ చేయించిన పరీక్షకు బిల్లుంటుంది, పాత అంకె చదివినందుకు బిల్లుండదు.

ప్రభుత్వాలకు ఓపెన్ సోర్స్ అంటే రిబ్బను కత్తిరించడం. కోవిడ్ టీకాల నమోదు నడిపిన కోవిన్‌ని ప్రపంచమంతటికీ ఓపెన్ సోర్స్‌గా ఇస్తామని 2021 జులై 5న ఘనంగా ప్రకటించారు. ఎవరో రాసిన కోడ్‌లో వచ్చే తప్పులు ఏళ్ళ తరబడి దిద్దేవాడికి జీతం ఎవరిస్తారన్నది ఏ ప్రకటనలోనూ ఉండదు. ప్రసాదం పంచేచోట వంద చేతులు. పులిహోర కలిపేవాడొక్కడే.

ఇక ఇవే అంకెల మీద బతికే మరో విద్య, జబ్బు ఎంత పాకుతుందో ముందే లెక్కగట్టేది. ఇది మనకు కొత్తదేం కాదు. 1897లో సికింద్రాబాదులో దోమ కడుపు కోసి మలేరియా గుట్టు కనిపెట్టిన రోనాల్డ్ రాస్, తర్వాత ఆ జబ్బుకు సమీకరణాలు రాశాడు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అంటువ్యాధి పాకే తీరు మీద తమ సిద్ధాంతాన్ని బొంబాయి ప్లేగు మరణాలతో సరిచూశారు. కాగితాల మీద లెక్కే, కానీ ఎవరైనా వేసి చూసుకోవచ్చు.

2020 మార్చి 16న లండన్ ఇంపీరియల్ కాలేజీ, ఏ చర్యా తీసుకోకపోతే కోవిడ్‌తో బ్రిటన్‌లో 5,10,000 మంది పోతారని లెక్క చెప్పింది. లెక్క కట్టిన ప్రోగ్రాము పదమూడేళ్ళ నాటిది, వేల వరుసలు, ఒక్క వివరణా రాసి లేదు. శుభ్రం చేసి బయటపెట్టాక ప్రపంచమంతా పడీపడీ నవ్వింది. సరే, నవ్వారు. ఆ నవ్వుల మధ్యే కేంబ్రిడ్జిలో ఒకాయన దాన్ని తన యంత్రంలో నడిపి, ఫలితాలు నిజంగానే మళ్ళీ వస్తున్నాయని తేల్చాడు. తెరిచి పెడితే పరువు పోతుంది. పోయాక అరువు తేనక్కర్లేని నమ్మకం వస్తుంది.

మనకూ ఒక కమిటీ ఉండేది, పేరు నేషనల్ సూపర్‌మోడల్. ర్యాంప్ మీద నడిచే రకం కాదు లెండి. జాగ్రత్తలు పాటిస్తే 2021 ఫిబ్రవరికల్లా కోవిడ్ అదుపులోకి వస్తుందని 2020 అక్టోబరులో చెప్పింది. 'పాటిస్తే' అన్న మాట హెడ్‌లైనులో పట్టలేదు. మే నెలలో రోజుకు 4 లక్షల కేసులు వచ్చాయి.

అయితే మోడల్‌ని తిట్టి ఏం లాభం? దాని నోట్లో పెట్టేది డేటా. ఇంగ్లండులో 2020 శరత్కాలంలో 15,841 కేసులు లెక్కలోంచి మాయమయ్యాయి. వైరస్ చేసిన పని కాదది. పాత ఎక్సెల్ ఫైల్లో 65,536 వరుసలే పడతాయి, మిగిలినవి జారిపోయాయి. ధనిక దేశంలో ఎక్సెల్ గతి అది. మన దేశంలో ఏఎన్ఎమ్మ పొద్దున రిజిస్టర్లో రాసి, మధ్యాహ్నం ట్యాబ్‌లో కొట్టి, సాయంత్రం వాట్సాప్ గ్రూపులో మళ్ళీ అదే అంకె పెడుతుంది. మూడింటిలో ఏది మోడల్ నోటికి చేరుతుందో ఆ తల్లికే తెలీదు.

అత్తయ్య కొత్త క్రియాటినిన్ సాయంత్రానికి వచ్చింది. నాలుగు రోజుల కిందటి అంకే. ఆస్పత్రివాళ్ళు దాన్ని నిగనిగలాడే అట్ట ఫైల్లో పెట్టి, పైన తమ బొమ్మ అచ్చేయించిన సంచితో సహా ఇచ్చారు. ఆ ఫైలు కనకాంబరం కవరులో పట్టలేదు. అత్తయ్య కాగితం బయటికి తీసి, నాలుగు మడతలు పెట్టి, కవరులో పడేసింది. అట్టా సంచీ నా చేతిలో పెట్టి, "మీ ఆవిడకివ్వరా, కూరగాయలకి పనికొస్తుంది" అంది.